కణం మీది కత్తెర: పెద్దపేగు క్యాన్సర్ పాకడంలో డీపీపీ-4 పాత్ర ఎంత?

పోయిన ఎండాకాలం మా పెద్దబాపుకు పెద్దపేగులో గడ్డ బయటపడింది. ఆపరేషన్ అయింది, కీమో మొదలైంది. ఆయనకు పదకొండేళ్లుగా షుగర్ కూడా ఉంది. రోజూ మెట్‌ఫార్మిన్‌తో పాటు, పేరు చివర ‘గ్లిప్టిన్’ అని వచ్చే ఇంకో గోలి వేసుకుంటారు. ఇంటికొచ్చిన నెలకు ఎవరో బంధువులు ఫోన్లో ఒక వీడియో పంపారు. గ్లిప్టిన్ గోలీలు క్యాన్సర్‌ను లివర్‌కు పాకిస్తాయని అందులో ఉంది. వారం తిరగకముందే ఇంకో వీడియో వచ్చింది. అవే గోలీలు పేగు క్యాన్సర్‌ను ఆపుతాయని అందులో చెప్పారు.

పెద్దమ్మ నాకు ఫోన్ చేసింది. “బిడ్డా, రెండిట్ల ఏది నమ్మాలె? ఈ గోలి బంద్ చెయ్యాల్నా, ఏం జెయ్యాలె?”

నేను హనుమకొండలో డిగ్రీ పిల్లలకు జీవరసాయన శాస్త్రం చెబుతాను. అయినా ఆ రోజు సరైన సమాధానం ఇవ్వలేకపోయాను. డాక్టర్‌ను అడగకుండా మాత్రం ఆపొద్దని చెప్పి ఫోన్ పెట్టేశాను. తర్వాత కూర్చుని చదివితే తెలిసిందేమిటంటే, ఆ రెండు వీడియోలకూ ఆధారం నిజమైన పరిశోధనలే. రెండూ పేరున్న పత్రికల్లో వచ్చినవే. అయినా రెండు వీడియోలూ తప్పుదారే పట్టించాయి. అది ఎట్లా జరిగిందో అర్థం కావాలంటే మన కణాల పైపొర మీద ఉండే డీపీపీ-4 అనే ఎంజైమ్ సంగతి మొదటి నుంచి చూడాలి.

## క్యాన్సర్ ‘పాకింది’ అంటే లోపల జరిగేది

పెద్దపేగు క్యాన్సర్ అరుదైన జబ్బు కాదు. 2022 అంచనాల ప్రకారం ప్రపంచంలో ఏటా దాదాపు 19 లక్షల మందికి పెద్దపేగు, మలాశయ క్యాన్సర్లు కొత్తగా బయటపడుతున్నాయి, దాదాపు 9 లక్షల మంది చనిపోతున్నారు. మన దేశంలో కొత్త కేసులు ఏడాదికి సుమారు 70 వేలు. ఈ జబ్బులో మనిషి బతుకును తేల్చేది గడ్డ ఎంత పెద్దదన్నదానికంటే అది పాకిందా లేదా అన్నదే. అమెరికా లెక్కల్లో గడ్డ పేగు గోడ దాటకముందే దొరికినవాళ్లలో పదిమందికి తొమ్మిదిమంది అయిదేళ్ల తర్వాత కూడా బతికి ఉంటున్నారు. దూరపు అవయవాలకు పాకాక దొరికితే ఆరేడుగురిలో ఒక్కరే.

పాకడం ఒక్క అడుగులో అయ్యే పని కాదు. క్యాన్సర్ కణం ముందు పక్క కణాలతో ఉన్న పట్టు వదిలించుకోవాలి. పేగు లోపలి పొర కింద కొలాజెన్, ఫైబ్రోనెక్టిన్ లాంటి ప్రోటీన్ దారాలతో దట్టమైన అల్లిక ఉంటుంది. కొత్తవాడ మగ్గాల మీద నేసే జంఖానాలు చూసినవాళ్లకు ఈ అల్లిక ఊహించుకోవడం తేలిక. కణం ఆ పడుగూ పేకల మధ్య సందు చేసుకుని దూరాలి. రక్తనాళం గోడ దాటి లోపలికి పోవాలి. రక్తంలో ఒంటరిగా తేలుతున్నప్పుడు ఆక్సీకరణ ఒత్తిడి (ఆక్సిజన్ నుంచి పుట్టే హానికర అణువుల దెబ్బ), రోగనిరోధక కణాల దాడి తట్టుకోవాలి. ఎక్కడో ఒకచోట ఆగి, బయటికొచ్చి, కొత్త చోట నిలదొక్కుకోవాలి. రక్తంలోకి చేరిన పదివేల క్యాన్సర్ కణాల్లో ఒక్కటి కూడా కొత్త గడ్డగా మారలేదని పరిశోధకులు తరచూ చెప్పే లెక్క.

మరి పేగు క్యాన్సర్ ఎక్కువగా లివర్‌కే ఎందుకు పాకుతుంది? రక్తం దారి అది. పేగు నుంచి వచ్చే రక్తం నేరుగా గుండెకు పోదు, పోర్టల్ సిర ద్వారా ముందు లివర్‌లోకి పోతుంది. లివర్‌కు అందే రక్తంలో దాదాపు ముప్పావు వంతు ఈ సిర తెచ్చేదే. బల్హార్షా మీదుగా వచ్చే రైళ్లు కాజీపేట దాకా వచ్చాకే సికింద్రాబాద్ వైపో విజయవాడ వైపో విడిపోయినట్టు, పేగు రక్తమంతా లివర్ అనే జంక్షన్ దాటాకే మిగతా ఒంటికి చేరుతుంది. దిగే వాళ్లు ఎక్కువమంది అక్కడే దిగుతారు. మలాశయం కింది భాగం నుంచి మాత్రం కొంత రక్తం ఈ జంక్షన్ తాకకుండా పెద్ద సిరలోకి పోతుంది. అందుకే అక్కడి గడ్డలు ఊపిరితిత్తులకు నేరుగా పాకడం కొంచెం ఎక్కువ.

దారి ఒక్కటే కారణమైతే ఎంజైముల గురించి ఇంత చర్చ ఉండేది కాదు. ఒకే దశలో ఉన్న ఇద్దరిలో ఒకరికి పాకుతుంది, ఇంకొకరికి పాకదు. కణాల్లోనే ఏదో తేడా ఉందన్నమాట.

## రెండో పువ్వు చూసి తెంపే కత్తెర

ఎంజైమ్ అంటే రసాయన పనిని వేగంగా చేసిపెట్టే ప్రోటీన్. మన నోటిలోని లాలాజలంలో, కడుపులో అన్నం అరిగించేవన్నీ ఎంజైములే. కొన్ని ఎంజైములు మాత్రం కణం లోపల ఉండవు, బయటికీ కారిపోవు. కణం పైపొరలో కాలు పాతుకుని, పనిచేసే భాగాన్ని బయటికి పెట్టి నిలబడతాయి. డీపీపీ-4 అలాంటిదే. పూర్తి పేరు డైపెప్టిడైల్ పెప్టిడేజ్-4. దీని గొలుసులో 766 అమైనో ఆమ్లాలుంటే, కణం లోపల ఉండేవి ఆరు మాత్రమే. కొన్ని పైపొర మందంలో ఉంటాయి, మిగతాదంతా బయటే. మామూలుగా ఇవి జంటలు జంటలుగా నిలబడతాయి.

దీని పని ప్రోటీన్లను కోయడం, అదీ ఒక కచ్చితమైన నియమంతో. ప్రోటీన్‌ను దారానికి గుచ్చిన పూలదండ అనుకుందాం. ఒక్కో పువ్వూ ఒక అమైనో ఆమ్లం. డీపీపీ-4 దండ మొదటి కొసకు వచ్చి రెండో పువ్వును చూస్తుంది. అది ప్రోలిన్ గానీ అలనిన్ గానీ అయితే మొదటి రెండు పూలను జంటగా తెంపేస్తుంది. వేరే పువ్వైతే సాధారణంగా ముట్టుకోదు.

కొన్ని దండల మీద ఈ నియమం పెట్టి చూద్దాం.

అన్నం తిన్నాక పేగు విడుదల చేసే జీఎల్‌పీ-1 అనే హార్మోన్‌లో 30 అమైనో ఆమ్లాలుంటాయి. వరస ఇలా మొదలవుతుంది: హిస్టిడిన్, అలనిన్, గ్లుటమిక్ ఆమ్లం. రెండోది అలనిన్. కాబట్టి తెంపుతుంది, 28 మిగులుతాయి. ఆ మిగిలిన ముక్క ఇన్సులిన్‌ను పిలవలేదు. జీఎల్‌పీ-1 మన రక్తంలో రెండు నిమిషాల్లోనే సగానికి పడిపోవడానికి ముఖ్య కారణం ఈ కోతే.

ఇన్సులిన్‌లో రెండు గొలుసులు. ఒకటి గ్లైసిన్, ఐసోల్యూసిన్‌తో మొదలవుతుంది, ఇంకోటి ఫినైల్‌అలనిన్, వాలిన్‌తో. రెండింట్లోనూ రెండో స్థానంలో ప్రోలిన్ లేదు, అలనిన్ లేదు. కాబట్టి కోత లేదు.

సీఎక్స్‌సీఎల్12 అనే ప్రోటీన్ లైసిన్, ప్రోలిన్, వాలిన్‌తో మొదలవుతుంది. రెండోది ప్రోలిన్, కాబట్టి కోత పడుతుంది. పలకడానికి కష్టమైన ఈ పేరును గుర్తుపెట్టుకోవాలి, క్యాన్సర్ పాకే కథలో దీనికి పెద్ద పాత్ర ఉంది.

గ్లిప్టిన్ గోలీలు చేసేది ఈ కత్తెర నోటిని మూయడమే. జీఎల్‌పీ-1 తెగకుండా ఎక్కువసేపు నిలుస్తుంది, ఇన్సులిన్ బాగా వస్తుంది, షుగర్ తగ్గుతుంది. ఈ వరసలో మొదటిదైన సిటాగ్లిప్టిన్‌కు అమెరికాలో 2006 అక్టోబర్‌లో అనుమతి వచ్చింది. మన దేశంలో 2022 జులైలో దాని పేటెంట్ ముగిశాక ధర బాగా తగ్గి, చిన్న ఊళ్ల మందుల దుకాణాలకూ చేరింది. మా వీధిలో షుగర్ ఉన్న ఇళ్లలో వెతికితే ఏదో ఒక గ్లిప్టిన్ దొరుకుతుంది.

## ఒకే ప్రోటీన్, రెండు పేర్లు, మూడు పనులు

చదివేవాళ్లను మొదట తికమక పెట్టేది పేర్లే. ఈ ఎంజైమ్‌ను 1966లో హోప్సు-హావు, గ్లెన్నర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వివరించారు. తర్వాత రోగనిరోధక శాస్త్రవేత్తలు తమ దారిన తాము టీ-కణాల (ఒక రకం తెల్ల రక్తకణాల) మీద ఒక గుర్తును కనిపెట్టి దానికి సీడీ26 అని పేరు పెట్టారు. కొన్నేళ్లకు రెండూ ఒకటేనని తేలింది. అందుకే షుగర్ డాక్టర్లు డీపీపీ-4 అంటారు, క్యాన్సర్ పరిశోధకులు సీడీ26 అంటారు. ఒకే మనిషిని అమ్మగారి ఊళ్లో ఒక పేరుతో, అత్తగారి ఊళ్లో ఇంకో పేరుతో పిలిచినట్టు.

పేరు కన్నా ముఖ్యమైన తికమక ఇంకోటి ఉంది. ఈ ప్రోటీన్ కత్తెర మాత్రమే కాదు. కోత నోటికి సంబంధం లేని వేరే భాగాలతో ఇది ఫైబ్రోనెక్టిన్‌ను, కొలాజెన్‌ను పట్టుకోగలదు. అంటే ఒక కొక్కెం కూడా. టీ-కణాల మీద లోపలికి కబురు పంపే పనిలోనూ పాలుపంచుకుంటుంది. అంటే తలుపు గంట కూడా. ఆ మధ్య అరబ్ దేశాల్లో వచ్చిన మెర్స్ కరోనా వైరస్ మనిషి కణంలోకి దూరడానికి పట్టుకునే పిడి కూడా ఇదేనని 2013లో తేలింది.

గ్లిప్టిన్ గోలి కత్తెర నోటిని మూస్తుంది. కొక్కేన్ని ఊడబీకదు. వీడియోలు చేసేవాళ్లు దాదాపు ఎప్పుడూ చెప్పని సంగతి ఇది.

కొక్కెం పని ఎంత తేడా తెస్తుందో ఎలుకల్లో కనిపించింది. రొమ్ము క్యాన్సర్ కణాలు తమ ఒంటికి ఫైబ్రోనెక్టిన్ అంటించుకుని రక్తంలో తిరుగుతుంటే, ఊపిరితిత్తుల రక్తనాళాల గోడ మీది డీపీపీ-4 ఆ ఫైబ్రోనెక్టిన్‌ను పట్టుకుని కణాన్ని అక్కడే ఆపేసింది. ఇక్కడ డీపీపీ-4 ఉన్నది క్యాన్సర్ కణం మీద కాదు, అది దిగే ఊరి గోడ మీద. ఎంజైమ్ ఎక్కడుంది అన్న ప్రశ్నను వదిలేసి ఎంత ఉంది అని మాత్రమే కొలిస్తే ఏమీ తేలదు.

## హాంకాంగ్‌లో 2010లో దొరికిన కణాలు

పెద్దపేగు క్యాన్సర్‌తో దీని సంబంధాన్ని గట్టిగా ముందుకు తెచ్చింది 2010లో హాంకాంగ్ విశ్వవిద్యాలయ బృందం చేసిన పని.

ఒక గడ్డలోని కణాలన్నీ ఒకేలాంటివి కావు. కొన్ని మాత్రమే కొత్త గడ్డను మొదలుపెట్టగలవు. వాటినే క్యాన్సర్ మూలకణాలు అంటారు. హాంకాంగ్ బృందం రోగుల గడ్డల నుంచి తీసిన కణాల్లో సీడీ26 ఉన్నవాటిని, లేనివాటిని వేరుచేసింది. ఎలుకల పేగు గోడలో విడివిడిగా ఎక్కించింది. సీడీ26 ఉన్న కణాలు దూరపు అవయవాలకు పాకాయి, లేనివి పాకలేదు. వాళ్లు చూసిన లివర్ గడ్డలన్నిట్లోనూ సీడీ26 కణాలు కనిపించాయి. కీమో మందును తట్టుకోవడంలోనూ ఈ కణాలు ముందున్నాయి.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది రోగుల మీద చేసిన గమనింపు. ఆపరేషన్ నాటికి ఎక్కడికీ పాకని రోగుల గడ్డల్లో సీడీ26 కణాలున్నాయా లేవా అని రాసిపెట్టుకుని, తర్వాత వాళ్ల ఆరోగ్యాన్ని గమనించారు. ఆ కణాలున్నవాళ్లలో తర్వాత పాకడం ఎక్కువగా జరిగింది. 2014లో హాంకాంగ్ నుంచే వచ్చిన ఇంకో అధ్యయనం కూడా గడ్డలో సీడీ26 ఎక్కువున్నవాళ్లు తక్కువ కాలం బతికారని చెప్పింది.

ఇంతవరకు చదివితే సమాధానం తేలిపోయినట్టే అనిపిస్తుంది. సీడీ26 పాకిస్తుంది, గ్లిప్టిన్ సీడీ26ను ఆపుతుంది, కాబట్టి గ్లిప్టిన్ పాకకుండా ఆపుతుంది. రెండో వీడియో సరిగ్గా ఈ మెట్లు ఎక్కింది. అందులో రెండు మెట్లు బలహీనమైనవి.

## మేడారం బస్సులో బెల్లం: గుర్తు వేరు, కారణం వేరు

జాతర రోజుల్లో హనుమకొండ బస్టాండులో నిలబడి చూడండి. చేతిలో బెల్లం ముద్దలున్నవాళ్లు చాలావరకు మేడారం పోయేవాళ్లే. అమ్మవార్లకు ‘బంగారం’ ఇవ్వాలి కదా. బెల్లం ఉన్నవాళ్లను ఒక పక్కకు, లేనివాళ్లను ఒక పక్కకు నిలబెట్టి సాయంత్రం దాకా గమనిస్తే, బెల్లం ఉన్న గుంపు మేడారంలో తేలుతుంది. అంతమాత్రాన బెల్లం వాళ్లను మేడారం తీసుకుపోయిందని అనలేం. బస్టాండులో బెల్లమంతా గుంజుకున్నా జాతర ఆగదు. భక్తులు అక్కడికి పోయి కొనుక్కుంటారు.

2010 ప్రయోగం మొదటి దశలో చేసింది ఇలాంటి వేరుచేయడమే. సీడీ26 ఉన్న కణాలు పాకే కణాలని అది బలంగా చూపింది. సీడీ26 వల్లే పాకుతున్నాయా అన్నది వేరే ప్రశ్న. సీడీ26 బెల్లమా, బస్సు టికెట్టా? టికెట్టు గుంజుకుంటే ప్రయాణం నిజంగానే ఆగుతుంది.

దీన్ని తేల్చాలంటే అదే కణంలో ఆ ఒక్క జన్యువును పెంచి, తగ్గించి చూడాలి. 2022లో హాంకాంగ్ పరిశోధకులు అలాంటి పని చేశారు. పెద్దపేగు క్యాన్సర్ కణాల్లో సీడీ26 పెరిగితే కేవియోలిన్-1 అనే ప్రోటీన్ ద్వారా ఎంఎంపీ-1 అనే ఇంకో ఎంజైమ్ పెరిగి, కొత్త రక్తనాళాలు పుట్టడానికీ పాకడానికీ తోడ్పడుతోందని చెప్పారు. ఎంఎంపీ-1 కొలాజెన్‌ను కోసే ఎంజైమ్, ఇందాక చెప్పుకున్న జంఖానా అల్లికను తెంచేది. అంటే సీడీ26 కొంతవరకు టికెట్టు లాంటిదే అనుకోవడానికి ఆధారం ఉంది. అయితే ఈ పని కత్తెర నోటితో జరుగుతోందా, కొక్కెంతోనా, కబురు పంపే పనితోనా అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. కొక్కెంతో జరిగే పనిని నోరు మూసే గోలి ఆపుతుందని ఆశించలేం.

ఇంకో చిక్కు ఉంది. క్యాన్సర్ మారితే ఇదే ప్రోటీన్ పాత్ర తిరగబడుతుంది. మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌లో మామూలు కణాల మీద ఉండే డీపీపీ-4, కణం క్యాన్సర్‌గా మారేసరికి మాయమవుతుంది. 1999లో దాన్ని మళ్లీ ఆ కణాల్లోకి తెచ్చిపెడితే వాటి దూకుడు తగ్గింది. ఒకచోట పాకించేది ఇంకోచోట అణచేది కావడం వింతేమీ కాదు. కత్తెర ఏం చేస్తుందో దాని చుట్టూ ఏ దండలున్నాయో చూస్తేనే తెలుస్తుంది.

## ఒకే కోత, రెండు పిలుపులు

మొదటి వీడియో, రెండో వీడియో ఎదురెదురుగా నిలబడింది ఇక్కడే.

ఇందాకటి సీఎక్స్‌సీఎల్12 ఒక పిలుపు లాంటిది. లివర్, ఊపిరితిత్తులు, లింఫ్ గ్రంథులు, ఎముక మజ్జ దీన్ని ఎక్కువగా విడుదల చేస్తాయి. దీన్ని వినే చెవి పేరు సీఎక్స్‌సీఆర్4. ఆ చెవి ఉన్న క్యాన్సర్ కణాలు పిలుపు వచ్చే వైపు కదులుతాయి. డీపీపీ-4 మొదటి రెండు పూలు తెంపితే పిలుపు మూగబోతుంది. ఈ లెక్కన కత్తెర ఉండటం మంచిది. గ్లిప్టిన్‌తో దాని నోరు మూస్తే పిలుపు ఎక్కువసేపు వినిపించి, కణాలు లివర్ వైపు నడిచే ప్రమాదం ఉంది.

ఇప్పుడు సీఎక్స్‌సీఎల్10 చూద్దాం. ఇది వాలిన్, ప్రోలిన్, ల్యూసిన్‌తో మొదలవుతుంది. రెండోది ప్రోలిన్, కాబట్టి దీన్నీ తెంపుతుంది. కానీ ఈ పిలుపు వినేది క్యాన్సర్‌ను చంపడానికి వచ్చే టీ-కణాలు. తెగిన ముక్క పిలవకపోగా, వాటి చెవికి అడ్డం కూడా పడుతుంది. ఈ లెక్కన కత్తెర ఉండటం చెడ్డది. గ్లిప్టిన్‌తో దాన్ని మూస్తే టీ-కణాలు గడ్డలోకి బాగా చేరతాయి.

రెండు లెక్కలూ సరైనవే. ఒక మనిషి ఒంట్లో ఈ రెండిట్లో ఏది నెగ్గుతుందో కాగితం మీద తేలదు.

## ఎలుకలు రెండు రకాలుగా ఎందుకు చెప్పాయి

2015లో పారిస్‌లోని పాశ్చర్ సంస్థ పరిశోధకులు మెలనోమా ఉన్న ఎలుకలకు సిటాగ్లిప్టిన్ ఇస్తే, సీఎక్స్‌సీఎల్10 తెగకుండా నిలిచి, టీ-కణాలు ఎక్కువగా చేరి, గడ్డలు నెమ్మదించాయి. అదే ఏడాది ఇంకో బృందం ఎలుకల్లో విల్డాగ్లిప్టిన్ ఇస్తే పెద్దపేగు క్యాన్సర్ కణాలు ఊపిరితిత్తుల్లో వేళ్లూనడం తగ్గింది.

2016లో చైనా పరిశోధకులు దీనికి ఎదురు ఫలితం చూపారు. సాక్సాగ్లిప్టిన్, సిటాగ్లిప్టిన్ కొత్తగా క్యాన్సర్ పుట్టించలేదు, కానీ ఉన్న క్యాన్సర్ పాకడాన్ని పెంచాయి. వాళ్లు చూపిన కారణం సీఎక్స్‌సీఎల్12 కూడా కాదు, ఎన్ఆర్ఎఫ్2 అనే ప్రోటీన్. ఆక్సీకరణ ఒత్తిడి నుంచి కణాన్ని కాపాడే వ్యవస్థకు అది స్విచ్ లాంటిది. రక్తంలో ఒంటరిగా తేలే కణాలు చావడానికి ఆ ఒత్తిడి కూడా ఒక కారణం. ఈ మందులు ఆ స్విచ్‌ను ఎక్కువసేపు ఆన్‌లో ఉంచడంతో చావాల్సిన కణాలు బతికాయని వాళ్ల వాదన.

ఇందులో ఎవరిది తప్పు? ఎవరిదీ కాదని నా అభిప్రాయం. మనిషి క్యాన్సర్ కణాలను ఎలుకలో పెంచాలంటే, వాటిని తిప్పికొట్టకుండా టీ-కణాలు సరిగా లేని ఎలుకలను వాడాలి. 2016 ప్రయోగాల్లో మనిషి కణాలను అలా ఎలుకల్లో పెంచి చూశారు. టీ-కణాలు లేనిచోట టీ-కణాలకు మేలు చేసే ఫలితం కనపడే అవకాశమే లేదు. పారిస్ బృందం ఎలుకల సొంత క్యాన్సర్ కణాలను, రోగనిరోధక శక్తి మామూలుగా ఉన్న ఎలుకల్లో పెట్టి చూసింది. అక్కడ మేలు కనపడటానికి దారి తెరిచే ఉంది. ప్రయోగాన్ని కట్టిన తీరే ఏ పిలుపు మనకు వినిపించాలో సగం నిర్ణయించింది.

## మనుషుల లెక్కలు, అందులోని ఒక ఉచ్చు

సిటాగ్లిప్టిన్ మీద జరిగిన పెద్ద పరీక్ష టెకోస్. 14,671 మందిని దాదాపు మూడేళ్లు గమనించి 2015లో ఫలితాలు ప్రకటించారు. గోలి వేసుకున్నవాళ్లలో, వేసుకోనివాళ్లలో క్యాన్సర్ వచ్చినవాళ్ల సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా లేదు. మూడేళ్లు క్యాన్సర్ లెక్కలకు తక్కువ సమయమే అయినా, ఇది ఊరట కలిగించే ఫలితం. కానీ అది జవాబిచ్చింది ‘కొత్తగా క్యాన్సర్ వస్తుందా’ అనే ప్రశ్నకు. మా పెద్దమ్మ అడిగింది ‘ఉన్న క్యాన్సర్ పాకుతుందా’ అని. ఒక ప్రశ్న జవాబును ఇంకో ప్రశ్నకు అతికించలేం.

ఆమె ప్రశ్నకు దగ్గరగా వచ్చేది 2019లో అమెరికాలో మెడికేర్ అనే వృద్ధుల బీమా రికార్డులతో చేసిన అధ్యయనం. షుగర్‌తో పాటు పెద్దపేగు లేదా ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్నవాళ్లలో గ్లిప్టిన్ వాడినవాళ్లు మెరుగ్గా బతికారని అది చెప్పింది. వినడానికి బాగుంది. ఇలాంటి రికార్డుల లెక్కలన్నిట్లోనూ ఒక ఉచ్చు పొంచి ఉంటుంది. దాన్ని ఒక ఊహా లెక్కతో చూపిస్తాను. ఈ అంకెలు ఏ అధ్యయనానివీ కావు.

షుగర్, పేగు క్యాన్సర్ రెండూ ఉన్న 100 మంది ఉన్నారు. మొదటి ఏడాదిలో 20 మంది చనిపోయారు. మిగిలిన 80 మందిలో 40 మందికి ఏడాది చివర డాక్టర్లు గ్లిప్టిన్ మొదలుపెట్టారు. ఆ గోలి క్యాన్సర్ మీద ఏ మంచీ, ఏ చెడూ చేయదనుకుందాం. రెండో ఏడాదిలో రెండు గుంపుల్లోనూ నాలుగో వంతు మంది పోయారు. అంటే గోలి వాడిన 40 మందిలో 10, వాడని 40 మందిలో 10.

ఇప్పుడు రికార్డులు తెరిచి ‘ఎప్పుడైనా గ్లిప్టిన్ వాడినవాళ్లు’, ‘ఎప్పుడూ వాడనివాళ్లు’ అని విడదీస్తే ఏమవుతుంది? వాడినవాళ్లు 40, చనిపోయింది 10, అంటే 25 శాతం. వాడనివాళ్లు 60, చనిపోయింది 20 కలిపి 10, మొత్తం 30, అంటే 50 శాతం. ఏ పనీ చేయని గోలి చావును సగానికి తగ్గించినట్టు కనపడింది! గోలి దాకా చేరాలంటే ముందు ఏడాది బతకాలి, ఆ బతికిన కాలాన్ని గోలి ఖాతాలో వేసేశాం. మంచి పరిశోధకులు దీన్ని సరిచేయడానికి పద్ధతులు వాడతారు. అయినా గోలి రాయించుకున్నవాళ్ల కిడ్నీ బాగుందా, బరువు తగ్గిపోతోందా, ఇన్సులిన్ దాకా వెళ్లారా లాంటి తేడాలు పూర్తిగా చెరిగిపోవు. ఇలాంటి రికార్డుల ఆధారంగా గోలిని క్యాన్సర్ మందుగా పొగడలేం, విషమని తిట్టలేం.

ఉచ్చు లేని జవాబు రావాలంటే పేగు క్యాన్సర్ ఆపరేషన్ అయిన షుగర్ రోగులను చీటీ వేసి రెండు గుంపులు చేసి, ఒకరికి గ్లిప్టిన్, ఇంకొకరికి వేరే షుగర్ మందు ఇచ్చి, ఏళ్ల తరబడి లివర్ స్కాన్లు చూడాలి. ఇటు గోలీతో పనిలేకుండా కొక్కేన్నే పట్టుకునే దారి కూడా ఒకటి నడుస్తోంది. సీడీ26కు అతుక్కునే వైఎస్110 అనే యాంటీబాడీని జపాన్ పరిశోధకులు తయారుచేస్తే, మీసోథీలియోమా అనే క్యాన్సర్ ఉన్న రోగులకు తొలి దశ పరీక్షల్లో ఇచ్చి చూశారు. అది ఎంజైమ్ నోరు మూసే మందు కాదు, ఆ ప్రోటీన్ ఉన్న కణాన్నే గురిపెట్టే మందు.

## రిపోర్టులో ఈ పేరు ఎందుకు కనపడదు

పెద్దబాపు బయాప్సీ రిపోర్టును నేను మూడుసార్లు చదివాను. గడ్డ పేగు గోడలో ఎంత లోతుకు పోయింది, ఎన్ని లింఫ్ గ్రంథులు పరీక్షించారు, వాటిలో ఎన్నింట్లో క్యాన్సర్ ఉంది, రక్తనాళాల్లో కణాలు కనిపించాయా అని రాసి ఉంది. కనీసం 12 గ్రంథులు చూడటం ప్రపంచమంతా పాటించే పద్ధతి. తర్వాత గమనింపు కోసం రక్తంలో సీఈఏ (క్యాన్సర్ తిరగబెడుతోందేమో సూచించే ఒక ప్రోటీన్) చూడమన్నారు. సీడీ26 మాట ఎక్కడా లేదు.

దానికి కారణాలున్నాయి. గడ్డలో ఎన్ని కణాల మీద సీడీ26 ఉంటే ‘ఎక్కువ’ అనాలో అన్ని ల్యాబులూ ఒప్పుకున్న గీత లేదు. గడ్డలో ఒక మూల ముక్కలో కనపడి, ఇంకో మూల ముక్కలో కనపడకపోవచ్చు. పైగా కణం మీది ఈ ప్రోటీన్ కొంత తెగి రక్తంలోకి చేరుతుంది. గడ్డలో ఎక్కువుంటే రక్తంలోనూ ఎక్కువుంటుందని ఎవరైనా అనుకుంటారు. స్పెయిన్ పరిశోధకులు 2000లో చూస్తే తిరగబడింది. పెద్దపేగు క్యాన్సర్ రోగుల రక్తంలో ఇది ఆరోగ్యవంతుల కన్నా తక్కువగా ఉంది. రక్తంలోని సీడీ26లో చాలాభాగం గడ్డది కాకపోవచ్చు, టీ-కణాల లాంటి వాటిది కావచ్చు. అదే మార్పును జబ్బును ముందే పట్టే పరీక్షగా వాడొచ్చేమోనని ఆ బృందం ఆలోచించింది.

కిందటి వారం పెద్దమ్మ ఇంటికి పోయినప్పుడు ఇదంతా ఆమె భాషలో చెప్పాను. పూలదండ దగ్గర తల ఊపింది. బెల్లం దగ్గర పెద్దబాపు లేచి కూర్చున్నారు. “అంటే ఆ రెండు వీడియోలు చేసినోళ్లు ఎలుకల సంగతి నాకు చెప్పిన్రు” అన్నారు. గోలి విషయం ఆయన క్యాన్సర్ డాక్టరూ షుగర్ డాక్టరూ మాట్లాడుకున్నారట. షుగర్ అదుపులో ఉంది, కిడ్నీ బాగుంది, మార్చాల్సిన కారణం తమకు కనపడలేదని చెప్పారట. ఆరో కీమో తేదీ క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో చుట్టి ఉంది. దాని కింద చిన్న అక్షరాలతో పెద్దమ్మ రాసుకుంది: సీఈఏ పరీక్ష, స్కాన్.